ఏడవ భాష



1919వ సంవత్సరమున, మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, సంధిషరతులను నిర్ణయించుటకై పారిస్ నగరమున ఒక గదిలో చేరిన నలుగురు నాయకులకు ఒకరితో నొకరు మాటాడుకొనుటకు ఉమ్మడిభాష లేకపోయెను. అమెరికా అధ్యక్షుడు విల్సనుకును, బ్రిటిషు ప్రధాని లాయిడ్ జార్జికిని ఫ్రెంచిలో వ్యవహరించు శక్తి లేదు. ఇటలీ ప్రధాని ఓర్లాండోకు ఫ్రెంచి వచ్చును గాని ఇంగ్లీషు రాదు. రెండును బాగుగ తెలిసినవాడు, యౌవనమున అమెరికాలో కొన్నియేండ్లు గడపి అచ్చటి కన్యను వివాహమాడియుండిన ఫ్రాన్సు వృద్ధప్రధాని క్లెమెన్సో ఒక్కడే. అంతకుమున్ను చాలకాలముగా యూరపు దౌత్యమంతయు ఫ్రెంచిలోనే నడచుచుండుటచేత, రాయబారపు కొలువు కోరినవాడు ఆ భాష నేర్చియే వచ్చెడివాడు. ఇప్పుడు వచ్చినవారు రాయబారులు కారు, ఎన్నికలలో గెలిచి వచ్చిన ప్రజానాయకులు. వారికి దుబాసీ కావలసివచ్చెను. ఆ నలుగురి నడుమ కూర్చుండి ఒకరి మాట నొకరికి వినిపించిన పాల్ మాంటూ వేతనమునకు కుదిరిన సామాన్యుడు కాడు. ఇంగ్లండు పారిశ్రామికవిప్లవమును గూర్చి ప్రామాణికగ్రంథము రచించిన చరిత్రకారుడు. వెర్సేల్స్ సంధిపత్రము తుదకు ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలు రెండింటను సమానప్రామాణ్యముతో వెలువడెను.

జెనీవాలో నానాజాతిసమితి నెలకొన్న తరువాత ఆ రెండుభాషలే అధికారభాషలయ్యెను. తత్ఫలితముగా సభ్యులు ప్రతి ఉపన్యాసమును రెండుమారులు వినవలసివచ్చెను. వక్త ముగించి కూర్చుండగానే దుబాసీ లేచి, కాగితముపై తాను గిలికికొన్న గుర్తులను చూచుకొనుచు, ప్రసంగమునంతయు రెండవభాషలో పునరుద్ఘాటించెడివాడు. ఈ విద్యలో ఆండ్రే కామింకర్ అనునాతని ధారణాశక్తి మన అవధానులకు తీసిపోనిది. గంటకు మించిన ఉపన్యాసమునైనను ఏ గుర్తులును వ్రాసికొనక తిరిగి చెప్పగలిగెడివాడని ప్రసిద్ధి. ఆ దుబాసీల వర్గములోనివాడే ఝా ఎర్బేర్. పగలెల్ల రాజకీయవేత్తల వాగ్వాదములను భాషాంతరీకరించుచు, మిగిలిన కాలమున రామకృష్ణ వివేకానందుల బోధలను, అరవిందుల రచనలను ఫ్రెంచిపాఠకుల కందించిన ఈయన, తరువాత ఐక్యరాజ్యసమితిలో ప్రధాన దుబాసీగా పనిచేసెను. ఈ రెండుభాషల పెనుగులాట చూచి విసిగినవారు కొందరు ఎవరికిని మాతృభాష కాని ఎస్పెరాంటోను అందరును నేర్చుకొనుట మేలు గదా యనిరి. నానాజాతిసమితి ఉపప్రధానకార్యదర్శిగానుండిన జపానుదేశీయుడు నితోబే ఇనాజో 1921లో ప్రేగ్ నగరమున జరిగిన ఎస్పెరాంటో మహాసభకు స్వయముగా పోయి, చూచివచ్చి, అనుకూలముగనే నివేదించెను. ఫ్రాన్సు అడ్డుపడెను, ఆ కథ అంతటితో సరి.

అసలు మార్పు న్యాయస్థానమునుండి వచ్చెను. 1945 నవంబరులో నూరెంబర్గున నాజీనాయకుల విచారణ ఆరంభమైనపుడు ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను భాషలు నాలుగును ఒక్కమారే వినబడవలసిన అగత్యము కలిగెను; ప్రతిమాటను మూడేసిమారులు తిరిగి చెప్పించుచు పోయినచో ఆ విచారణ ఎన్నటికి తెమలెడిదో ఊహించుకొనవచ్చును. ఐసెన్‌హోవరు సేనానికి దుబాసీగానుండిన లియోన్ డోస్టర్ అను సైనికాధికారి, ఐబీఎం కంపెనీవారి శ్రవణయంత్రములను సమకూర్చి, అద్దపు అడ్డుపలకల వెనుక దుబాసీలను కూర్చుండబెట్టి, వక్త నోటినుండి మాట వెలువడుచుండగనే దానిని వేఱొకభాషలోనికి మార్పించెను. వక్త తొందరపడినచో పసుపుదీపము వెలుగును, ఆగవలసినచో ఎఱ్ఱదీపము. ఆ పద్ధతినే ఆయన పిదప న్యూయార్కునకు కొనిపోగా, 1947లో ఐక్యరాజ్యసమితి దానిని శాశ్వతముగా స్వీకరించెను. సభామధ్యమున లేచి నిలిచి, వక్తతో సమానముగా కీర్తిగాంచిన పాతతరపు దుబాసీలకు ఇది రుచింపలేదు. పెట్టెలో దాగి గొంతు మాత్రము వినిపించు ఈ క్రొత్తవారిని టెలిఫోనువారని వారు పరిహసించిరట. నేడు సమితి అధికారభాషలు ఆరింటను జరుగు ఒక్క సమావేశమునకు 14 మంది దుబాసీలు కావలెను: నాలుగు భాషల పెట్టెలలో ఇద్దరేసి, చైనా, అరబ్బీ భాషలవారు ఇరువైపులకును మార్చవలసియుండుటచేత ముగ్గురేసి. అరగంటకొకమారు చేతులు మారవలసిన ఆ పని యెంత ప్రాణాంతకమో, ఏదైన నొక ఉపన్యాసమును వినుచునే ఐదునిమిషములు తెలుగులోనికి మార్చుటకు ప్రయత్నించినవారికి వేఱుగా చెప్పనక్కరలేదు.

ఈ యంత్రమును నేను నిందింపబోవుటలేదు. అయినను దీనివలన కలిగిన యొక పరిణామమును ఎవరును లెక్కింపరైరి. చెవికి తగిలించుకొన్న గొట్టము తనకు బదులుగా నేర్చిపెట్టుచుండగా, ప్రతినిధి తాను మరియొకభాష నేర్చుట యెందుకు? సభామందిరములో ఎన్ని భాషలు వినబడినను, అందు కూర్చుండినవానికి ఒక్కభాషయే చాలును. సంస్థ బహుభాషాసంపన్నమగుటకును, అందులోని మనుష్యుడు బహుభాషావేత్త యగుటకును సంబంధము తెగిపోయినది అప్పుడే. నేడు నేను ప్రస్తావింపదలచినది ఆ మందిరమును గూర్చి కాదు. దాని వెనుక అంతస్తులలో పనిచేయు ఉద్యోగిని గూర్చియు, ఆ ఉద్యోగిని ఆ సంస్థ ఎచ్చటికో పంపగా ఆతడచ్చట వినవలసిన భాషను గూర్చియు.

అధికారభాషల చరిత్రలో పాండిత్యముకంటె రాజ్యబలమే మిక్కుటము. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకములైన ఐక్యరాజ్యసమితి శాసనపత్రము చైనా, ఫ్రెంచి, రష్యను, ఇంగ్లీషు, స్పానిషు భాషలైదింటను సమప్రామాణ్యము గలది. మరుసటియేట ఈ యైదును అధికారభాషలైనను, వ్యవహారభాషలన్న గౌరవము ఇంగ్లీషు, ఫ్రెంచిలకే దక్కెను. లాటిన్ అమెరికా దేశముల సంఖ్యాబలముచేత 1948లో స్పానిషు, అటుపిమ్మట 1968లో రష్యను, 1973లో చైనాభాష సర్వప్రతినిధిసభలో ఆ స్థానమునకెక్కినవి. ఆ 1973లోనే అరబ్బీభాషయు లోనికి వచ్చెను. దానివలనగు వ్యయమును మొదటి మూడేండ్లు తామే భరింతుమని అరబ్బుదేశములు మాటయిచ్చినమీదట. ఆరింటిలో చేరని జర్మనుభాషకు సయితము, జర్మను మాటాడు దేశములు సొమ్ము చెల్లించుకొనుటచేత, 1970ల నడిమినుండి న్యూయార్కులో ఒక అనువాదశాఖ నడచుచున్నది. భాషకు పీఠము వేయించుటకు కవులకంటె కోశాధికారులే యెక్కువ ఉపకరింతురు కాబోలు!

ఇక సచివాలయపు ఉద్యోగులసంగతి. వారికి వ్యవహారభాషలు మొదటినుండి నేటివరకు రెండే, ఇంగ్లీషును ఫ్రెంచియు. కాని ఈ రెండింటికిని గల సమానత కాగితముపైననే నిలిచెను. 1960లో ఒక్కయేటనే 17 దేశములు సమితిలో చేరగా అందు 16 ఆఫ్రికాదేశములు; వానిలోను హెచ్చుభాగము ఫ్రెంచిపాలననుండి అప్పుడే వెలువడినవి. ఆ దేశముల ప్రతినిధులు న్యూయార్కు కార్యాలయములలో ఏ బల్లవద్దకు పోయినను ఇంగ్లీషే యెదురగుట చూచి నొచ్చుకొనిరి. వారి యొత్తిడి పెరిగి పెరిగి 1968 డిసెంబరులో ఒక తీర్మానమై పరిణమించెను. దానిననుసరించి, 1972 జనవరినుండి, రెండవ అధికారభాషలో తగిన జ్ఞానమున్నదని నిరూపించుకొన్న ఉద్యోగికి జీతపు మెట్టు పండ్రెండు నెలలకు బదులు పదినెలలకే పెరుగునట్లు ఏర్పాటయ్యెను. భాష నేర్చిన వానికి ఏడాదికి రెండునెలల లాభమన్నమాట. పెద్ద పెద్ద ఆదర్శములు చేయలేని పనిని ఈ చిన్న లాభము చేసెననియే చెప్పవలెను, తరగతులు నిండెను.

ఆ తరగతులు నేటికిని న్యూయార్కులోను, జెనీవాలోను, ఇతర ప్రధానకేంద్రములలోను జరుగుచున్నవి. పని మొదలుకాకముందు గాని, మధ్యాహ్నపు విరామములో గాని, పని చాలించిన పిదప గాని, ఆరు అధికారభాషలలో దేనినైనను ఉద్యోగి నేర్చుకొనవచ్చును. ప్రాథమికము, మాధ్యమికము, ఉన్నతము, నిష్ణాతము అని నాలుగంతరములు; చదువుట, వినుట, వ్రాయుట, మాటాడుట అను నాలుగింటను పరీక్ష. నడివయసులో అక్షరాభ్యాసము చేయుటయందు కొంత తపస్సున్నది. తన దేశమున ఒక శాఖకు అధిపతిగానుండి, వందలమందిని ఒక్కమాటతో కదలించుచు వచ్చిన పెద్దమనుష్యుడు, ఆ గదిలో ప్రవేశించి, తన వయసులో సగము వయసు గల ఉపాధ్యాయురాలియెదుట నిలిచి, ‘నాకు ఇద్దరు బిడ్డలు, నా యిల్లు ఆకుపచ్చనిది’ అని తడబడుచు చెప్పి, లింగము తప్పినందుకు దిద్దించుకొనును. అతని ప్రక్కనున్న టైపిస్టు అదే వాక్యమును అనాయాసముగ చెప్పివేయును. పదవులయంతరము ఇంత తేలికగా తలక్రిందులగు స్థలము ఆ కట్టడమంతటిలో మరియొకటి ఉండదు. అందుచేతనే కాబోలు, పై పదవులవారు ఈ తరగతులకు వచ్చుట యరుదు. వచ్చినవారు ఒకరిద్దరు ఏకాంతముగ పాఠము చెప్పించుకొందురు. ప్రధానకార్యదర్శి పదవిలోనుండి ఫ్రెంచి సాధన చేసిన బాన్ కీ-మూన్ వంటివారు ప్రశంసనీయులు; ఆయన యుచ్చారణను విని నవ్విన పత్రికలవారు నేర్చుకొనుట మానినవారే యైయుందురు.

ఐనను సంస్థ తన ఉద్యోగినుండి నిజముగా ఏమి కోరుచున్నదో తెలియవలెనన్నచో తీర్మానములను గాక ఖాళీల ప్రకటనలను చదువవలెను. ఇంగ్లీషులో ధారాళత ‘అవసరము’. మరియొక అధికారభాష తెలియుట ‘వాంఛనీయము’. ఈ రెండుమాటల నడుమనే సమస్తమును ఉన్నది. వాంఛనీయమైన దానిని సంపాదించినవాడు సంతోషించును. అవసరమైన దానిని సంపాదింపనివాడు ఆ గుమ్మములోనికే రాలేడు. 1995 మొదలుకొని ఇంచుమించు ప్రతిరెండేండ్లకు ఒకమారు బహుభాషాత్వమును కొనియాడు సర్వప్రతినిధిసభ, ఆ రెండవమాటను తీసివేసి దాని స్థానమున మొదటిదానిని నిలుపుటకు మాత్రము వెనుకాడుచున్నది. యూరోపియను యూనియనువారు ఈ విషయమున కొంత కఠినులు: 1958లో తాము చేసికొన్న మొట్టమొదటి నిబంధనమే భాషలను గూర్చినది, 2004నాటి ఉద్యోగనియమములు మొదలుకొని, మూడవభాషలో పనిచేయగలనని నిరూపింపనిదే ఉద్యోగికి మొదటి పదోన్నతి లభింపదు. అచ్చటి భాషలు ఇప్పుడు 24. బరువు మోయలేకపోవుచున్నామని వారును మూలుగుచునే యున్నారు, అది వేఱుమాట.

మన తెలుగువా డొకడు ఐక్యరాజ్యసమితి సచివాలయమున చేరెననుకొందము. బళ్లారిలో పుట్టుటచేత తెలుగు, కన్నడములు రెండును ఇంటిలోను వీథిలోను అబ్బినవి, హైదరాబాదులో చదువుకొనుటచేత ఉర్దూ వచ్చినది, మద్రాసులో కొలువుచేసి తమిళము పట్టుబడినది, హిందీ సరేసరి. ఈ యైదుభాషలును ఆ దరఖాస్తులో నింపదగినవే గాని, రెండవ అధికారభాషగా లెక్కకు వచ్చునది వీనిలో నొక్కటియు లేదు. ఇంగ్లీషు ఒక్కటే ఆరింటిలోనిది. ఆతడు ఫ్రెంచి తరగతికి పోయి, తనకు బహుభాషాత్వమనగా నేమో నేర్పించుకొనవలసియున్నది. నేర్చుకొనవలదని నేననను. ఐతే, పరీక్షలేకయే పొరుగువాని భాషను పట్టుకొను ఆ నేర్పు, ఆతడు కొనివచ్చిన మూలధనము. దానిని వాడుకొను తెలివి సంస్థకు లేకపోవుట వింతగానున్నది.

ఎందుకనగా, ఐక్యరాజ్యసమితి చేయు పనులలో మిక్కిలి కష్టమైనవి ఆరుభాషలలో జరుగునవి కావు. కాంగోదేశమున ఉత్తరకీవూ ప్రాంతమున కీవాంజా అను ఊరు కలదు. 2008 నవంబరు 4, 5 తేదీలలో తిరుగుబాటుదళములు ఆ ఊరు చొచ్చి, ఇల్లిల్లు గాలించి, సుమారు 150 మందిని చంపినవి. అచ్చటికి మైలుదూరము లోపలనే సమితి శాంతిసైనికుల స్థావరముండెను, అందు ఇంచుమించు నూరుమంది. వారు మన భారతసైనికులు. సైనికబలము చాలకపోవుట, వేగువారు లేకపోవుట, ఆజ్ఞలలో అస్పష్టత, ఇట్టి కారణములు పలువురు పలుకోణములనుండి చూపిరి. వానిలో నొకటి, అచ్చటి జనుల భాషలు తెలిసిన దుబాసీ యొకడైనను ఆ స్థావరమున లేకుండుట. కాంగోకు అధికారభాష ఫ్రెంచియే. కాని కీవాంజాలో ప్రాణభయముతో పరుగెత్తివచ్చిన స్త్రీ స్వాహిలిలోనో, మరియొక స్థానికభాషలోనో అరచును గాని ఫ్రెంచిలో వినతిపత్రము చదువదు. ఆ యరపు వినబడినను తెలియకపోయినచో, స్థావరము మైలుదూరమున నున్ననేమి, నూరుమైళ్ల దూరమున నున్ననేమి? ఇది భాషయొక్క లోపమే యని నేను వాదింపను. భాష తెలిసినంతమాత్రమున ఆ నూరుమంది అప్పుడు ఏమి చేయగలిగెడివారో చెప్పుట కష్టము. కాని ఏమి జరుగుచున్నదో గంటముందుగా తెలిసికొను దారి యొకటి వారికి మూసికొనియుండెను.

ఆ తరువాత, 2010 ప్రాంతమునుండి, స్థానికులైన యువకులను యువతులను అనుసంధానసహాయకులుగా నియమించి కాంగోలోని స్థావరములకు పంపుచు వచ్చిరి. ఊరివారితో మాటాడుట, రాబోవు ఆపదను ముందుగా కనిపెట్టి చెప్పుట వారి పని. మంచిదే. అయితే ఇందును నూరెంబర్గునాటి ఉపాయమే మరల కనబడుచున్నది: మరియొకనిచేత నేర్పు తెప్పించుకొని తాను నేర్వకయుండుట. ఆ సహాయకుడు ఒక తెగవాడైయుండవచ్చును; వానియెదుట మరియొక తెగవారు నోరు విప్పకపోవచ్చును; వాడు సెలవుపై పోవచ్చును. అధికారికి నాలుగుమాటలైన సొంతముగా వచ్చినచో సహాయకుడు చెప్పినదానిని తూచి చూచుకొనుటకు వీలగును. ఆరు అధికారభాషలకు వెలుపలనున్న ఈ భాషను, హైతీలో క్రియోలును, కాంగోలో స్వాహిలిని, ఏ దేశమున ఏది యైన దానిని, నేను ఏడవభాష యనుచున్నాను.

పాలకులు సొంతలాభమునకైనను ఏడవభాషను నేర్చిన చరిత్ర మన నేలమీదనే కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1812లో మద్రాసున సెంట్ జార్జి కోట కళాశాలను స్థాపించి, ఇంగ్లండునుండి దిగిన పిన్నవయస్కులైన ఉద్యోగులకు మన పండితులచేత తెలుగు, తమిళాదిభాషలు చెప్పించి, పరీక్షలో నెగ్గినవారికి జీతము పెంచిరి. ఎల్లిస్ దొర దానికి ప్రాణము. 1817లో వచ్చిన బ్రౌను వెలగపూడి కోదండరామపంతులవద్ద తెలుగు ఆరంభించి, 1820లో పరీక్ష ముగించుకొని కడపకు పోయెను. అక్కడినుండి జరిగినది తెలుగువారందరెరిగినదే. కంపెనీవారి యుద్దేశము ధర్మకార్యము కాదు, శిస్తు వసూలు. రైతుమాట తెలియనిదే లెక్క తేలదని వారెరుగుదురు. డబ్బుకొరకు వచ్చినవారికి తెలిసిన ఈ సూత్రము, శాంతికొరకు వచ్చినవారికి వాంఛనీయముగ మాత్రమే తోచుట చూడ నాకు చిత్రముగానున్నది.

జీతపు మెట్టుతో నిమిత్తములేక నేర్చినవారును మనలో నుండిరి. పర్లాకిమిడిలో బడిపంతులుగానున్న గిడుగు రామమూర్తిపంతులుగారికి సవరభాష నేర్వుమని ఏ ప్రభుత్వమును తాఖీదు పంపలేదు. కొండలనుండి దిగివచ్చు సవరలమాట చెవినిబడి, దానిపై మనసు నిలిచి, తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంటిలోనుంచుకొని, ఏండ్లతరబడి ఆ భాషను పట్టి, వారి పిల్లలకొరకు సొంతఖర్చుతో బడులు నడపిరి. 1931లో వెలువడిన వారి సవరవ్యాకరణము అట్టి పరిశ్రమకు ఫలము. అంతటివారిని, వారు జీవితాంతము ఎదిరించిన గ్రాంథికపు టీభాషలో స్మరించుచున్నందుకు వారి యాత్మ నన్ను మందలించునేమో. నా తరమువారి నాలుక ఇట్లు తిరిగినది, మన్నింతురుగాక.

అధికారులు చెప్పు ఆక్షేపణ నే నెరుగనిది కాదు. ఉద్యోగి ఒకచోట నుండునది రెండు మూడేండ్లు, నేర్చునంతలో బదిలీ యగును, ప్రపంచమున వేలకొలది భాషలున్నవి, దేనిని నేర్పుదుము? కాని ఉద్యోగిని నిష్ణాతుని చేయనవసరము లేదు. నొప్పి ఎచ్చట, ఎవరు వచ్చిరి, ఎటు పోయిరి, ఎందరు, నీళ్లున్నవా, రాత్రి ఏమి జరిగినది. ఈపాటి ప్రశ్నలను అడుగుటకును, వచ్చిన సమాధానములను పట్టుకొనుటకును చాలినంత. 2022 జూన్‌లో సర్వప్రతినిధిసభ బహుభాషాత్వమును గూర్చి చేసిన తీర్మానమున అధికారభాషలు కాని హిందీ, బంగ్లా, ఉర్దూ, పారసీకము, పోర్చుగీసు, స్వాహిలి భాషలను పేర్కొనగా మన పత్రికలు హర్షించినవి. కాని ఆ ప్రస్తావము సమితి వార్తలను ఆయా భాషలలో ప్రకటించుటను గూర్చినది. జనులతో చెప్పుటకు భాష దొరకినది. జనులు చెప్పినది వినుటకు ఇంకను దొరకవలసియున్నది. పని అప్పగించుటకు ముందు రెండుమాసములు జీతమిచ్చి ఉద్యోగిని ఆ ఊరనే కూర్చుండబెట్టి, అచ్చటి బడిపంతులు నొకనిని కుదిర్చి పాఠము చెప్పించినచో అగు ఖర్చు, ఒక పెద్దసమావేశమునకగు దుబాసీల ఖర్చుముందు లెక్కలోనిది కాదు. పరీక్షాధికారి జెనీవానుండి విమానమెక్కి రావలసిన పనియు లేదు. సంతరోజున కూరలమ్మునామెనొకతెను పిలిచి, ఈ దొరతో పావుగంట మాటాడి నీకేమి తోచినదో చెప్పుమనిన చాలును. ఆమె చేసిన సంతకముతో జీతపు మెట్టు ఎక్కించవచ్చును.